స్వీయకరుణ మాపనం - మానసిక ఆరోగ్యం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తన వైఫల్యాల పట్ల, తన బాధ పట్ల మనిషి చూపే దయాపూర్వక వైఖరిని సమకాలీన మనోవిజ్ఞానం 'స్వీయకరుణ' అంటుంది. 2003లో అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ రూపొందించిన 26 అంశాల మాపనితో ఈ భావన పరిమాణాత్మక పరిశోధనలోకి ప్రవేశించింది. ఆ మాపని ఏ మేధో నేపథ్యంలో పుట్టింది, దాని మొత్తం స్కోరుపై వివాదం ఎందుకు తలెత్తింది, స్వీయకరుణకూ మానసిక ఆరోగ్యానికీ మధ్య ఉందని చెప్పే సంబంధాన్ని ఆ వివాదం ఎంతవరకు మారుస్తుంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దయ ఉండడాన్నీ, ఆత్మనింద లేకపోవడాన్నీ ఒకే అంకెలో కలిపిన నిర్ణయం ఆ సంబంధం బలంగా కనిపించడానికి ఒక ముఖ్య కారణమని, రెండింటినీ విడిగా చూపినప్పుడే ఆ అంకెకు స్పష్టమైన అర్థం ఉంటుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వీయకరుణ, ఆత్మగౌరవం, ఆత్మనింద, మాపని, కారక విశ్లేషణ, సప్రమాణత, అనువాదం.

1. ప్రవేశిక

మనోభావాలను కొలిచే ప్రతి ప్రయత్నంలోనూ రెండు నిర్ణయాలు ఉంటాయి. ఏ భావనను కొలవాలన్నది మొదటిది. వచ్చిన సమాధానాలలో వేటిని కూడి ఒక అంకెగా చెప్పాలన్నది రెండోది. మొదటి నిర్ణయం గురించి సిద్ధాంత గ్రంథాలు విస్తారంగా చర్చిస్తాయి. రెండోది ప్రశ్నావళి చివర ఉండే గణన సూచనలలో ఒదిగిపోతుంది. మాపని ప్రసిద్ధి పొందిన కొద్దీ ఆ సూచనలను ప్రశ్నించేవారు తగ్గిపోతారు. స్వీయకరుణ మాపనం చరిత్రలో మాత్రం ఈ రెండో నిర్ణయమే చర్చకు కేంద్రమైంది.

ఈ చర్చ గణాంక నిపుణులకే పరిమితమైనది కాదు. కుంగుబాటుతో బాధపడే విద్యార్థికి సలహాదారు ఏమి నేర్పాలన్నది దీనిపై ఆధారపడి ఉంటుంది. తనపట్ల దయగా మెలగడం నేర్పాలా, తనను తాను దూషించుకునే అలవాటును తగ్గించాలా? ఈ రెండూ ఒకటే అయితే ఒకే బోధన చాలు. వేర్వేరు అయితే ఒకటి సాధించినంత మాత్రాన రెండోది సిద్ధిస్తుందన్న హామీ లేదు. మొత్తం స్కోరు ఈ తేడాను చూపదు.

2. ఆత్మగౌరవాన్ని కొలిచిన కాలం

స్వీయకరుణ భావన ఆత్మగౌరవ భావనకు ప్రత్యామ్నాయంగా వచ్చింది. అందువల్ల దాని చరిత్రను ఆత్మగౌరవంతోనే మొదలుపెట్టవలసి ఉంటుంది. విలియం జేమ్స్ 1890లో వెలువరించిన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ' గ్రంథంలో ఆత్మగౌరవాన్ని ఒక భిన్నంగా నిర్వచించాడు. విజయాలు లవం, ఆకాంక్షలు హారం. ఈ నిర్వచనం ప్రకారం విజయాలు పెరిగినా, ఆకాంక్షలు తగ్గినా ఆత్మగౌరవం పెరుగుతుంది. మనిషి తన విలువను సాధించినదాన్ని బట్టి అంచనా వేసుకుంటాడన్న భావన ఇందులో అంతర్లీనంగా ఉంది.

ఈ భావనకు విస్తృత వాడుకలోకి వచ్చిన కొలమానాన్ని సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ ఇచ్చాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని 10 ఉన్నత పాఠశాలలకు చెందిన 5,024 మంది విద్యార్థులపై జరిపిన అధ్యయనాన్ని ఆయన 1965లో గ్రంథరూపంలో ప్రచురించాడు. ఆయన మాపనిలో ఉన్నవి 10 అంశాలు. వాటిలో సగం అనుకూల వాక్యాలు, సగం ప్రతికూల వాక్యాలు. ప్రతికూల వాక్యాలకు వచ్చిన సమాధానాలను విలోమంగా లెక్కించి అన్నింటినీ కూడుతారు. అనుకూల, ప్రతికూల వాక్యాలు నిజంగా ఒకే గుణాన్ని కొలుస్తున్నాయా అన్న సందేహం తరువాతి దశాబ్దాలలో ఈ మాపనిపైనా వచ్చింది. స్వీయకరుణ మాపనికి ఎదురైన ప్రశ్నకు ఇది పూర్వరూపం.

1980లలో ఆత్మగౌరవం ప్రభుత్వ విధానంగా మారింది. కాలిఫోర్నియా శాసనసభ్యుడు జాన్ వాస్కన్‌సెలోస్ చొరవతో 1986లో ఆ రాష్ట్రం ఆత్మగౌరవాన్ని పెంపొందించే కార్యబృందాన్ని నియమించింది. దానికి మూడేళ్లపాటు ఏటా 2,45,000 డాలర్లు కేటాయించింది. మాదకద్రవ్యాల వాడకం, నేరాలు, చదువులో వెనుకబాటు వంటి సమస్యలకు ఆత్మగౌరవ లోపమే మూలమన్న విశ్వాసం దీనికి ప్రాతిపదిక. ఈ కృషికి అనుబంధంగా విశ్వవిద్యాలయ ఆచార్యులు రాసిన వ్యాసాల సంపుటం 1989లో వెలువడింది. సామాజిక శాస్త్రవేత్త నీల్ స్మెల్సర్ దాని పీఠికలో, ఆత్మగౌరవానికీ ఈ సమస్యలకూ మధ్య కనిపించిన సహసంబంధాలు నిరాశపరచేంత స్వల్పంగా ఉన్నాయని అంగీకరించాడు. అయినా 1990లో వచ్చిన కార్యబృందం తుది నివేదిక ఆశావహ స్వరంలోనే సాగింది. సాక్ష్యం ఒక స్థాయిలో ఉండగా విశ్వాసం మరొక స్థాయికి ఎదిగిన సందర్భమిది.

విమర్శ త్వరలోనే వచ్చింది. రాయ్ బౌమైస్టర్, ఆయన సహరచయితలు 1996లో హింసకూ ఆత్మగౌరవానికీ ఉన్న సంబంధాన్ని సమీక్షించారు. తనపై తనకున్న అతిశయ భావనకు భంగం కలిగినప్పుడు దూకుడు పెరుగుతుందని వాదించారు. 2003లో బౌమైస్టర్ బృందం మరింత విస్తృతమైన సమీక్షను వెలువరించింది. ఆత్మగౌరవం సంతోషంతో ముడిపడి ఉన్నా, మంచి చదువుకు అది కారణమని చెప్పడానికి ఆధారాలు బలహీనమని ఆ సమీక్ష తేల్చింది. చదువులో రాణించడం వల్ల ఆత్మగౌరవం పెరిగే అవకాశాన్నీ ఎత్తిచూపింది. అదే 2003లో స్వీయకరుణ మాపని ప్రచురితమైంది.

3. 2003: కొత్త భావన, కొత్త మాపని

క్రిస్టిన్ నెఫ్ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నైతిక వికాసంపై పరిశోధించి డాక్టరేట్ పొందింది. ఆ సిద్ధాంత వ్యాసానికి అవసరమైన క్షేత్రపరిశోధనను మైసూరులో చేసింది. పరిశోధన ముగింపు దశలోనే ఆమెకు బౌద్ధ ధ్యానంతో పరిచయం ఏర్పడింది. అనంతరం డెన్వర్ విశ్వవిద్యాలయంలో, ఆత్మభావన వికాసంపై ప్రసిద్ధ పరిశోధకురాలైన సూజన్ హార్టర్ వద్ద రెండేళ్లు పనిచేసింది. ఆత్మగౌరవ పరిశోధనలోని చిక్కులు ఆమెకు దగ్గరగా తెలిసింది అక్కడే. తరువాత ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిగా చేరి, 2003లో 'సెల్ఫ్ అండ్ ఐడెంటిటీ' పత్రికలో రెండు వ్యాసాలు ప్రచురించింది. మొదటిది భావనను నిర్వచించింది, రెండోది మాపనిని ప్రతిపాదించింది.

నెఫ్ నిర్వచనంలో స్వీయకరుణకు మూడు అంగాలు ఉన్నాయి. ప్రతి అంగానికీ ఒక వ్యతిరేక ధ్రువం ఉంది. తనపట్ల దయకు ఎదురుగా తనపై కఠినమైన తీర్పు, బాధ అందరికీ ఉండేదేనన్న మానవ సామాన్య భావనకు ఎదురుగా ఒంటరితనం, ఎరుకకు ఎదురుగా బాధలో మునిగి దానితో మమేకం కావడం. మొదటి జంటలో ఒక్కో వైపు 5 అంశాలు, మిగిలిన రెండు జంటలలో ఒక్కో వైపు 4 అంశాలు, వెరసి 26. వీటిలో 13 కరుణ ఉనికిని అడుగుతాయి. మిగిలిన 13 ఆత్మనింద, ఒంటరితనం, మునక వంటి అనుభవాలను అడుగుతాయి. ప్రతి అంశానికీ 1 నుంచి 5 వరకు సమాధానం ఇవ్వాలి. రెండో సగాన్ని విలోమంగా లెక్కించి, ఆరు ఉపమాపనులనూ కలిపి మొత్తం స్కోరు నిర్ణయిస్తారు.

ఈ నిర్వచనం మూలాలు బౌద్ధంలో ఉన్నాయని నెఫ్ స్వయంగా పేర్కొంది. అయితే ఆమె ప్రధానంగా ఆధారపడినది పాశ్చాత్య దేశాలలో విపశ్యన బోధించిన సమకాలీన గురువుల వివరణలపై. ప్రాచీన గ్రంథాలలోనూ ఇందుకు పోలికలు ఉన్నాయి. ఐదో శతాబ్దికి చెందిన బుద్ధఘోషుడు 'విశుద్ధిమగ్గ'లో మైత్రీభావనను సాధకుడు తనతోనే ప్రారంభించాలన్నాడు. క్రూరత్వం కరుణకు దూరశత్రువైతే, శోకం దానికి సమీపశత్రువని వివరించాడు. సమీపశత్రువు అంటే కరుణలాగే కనిపిస్తూ కరుణను చెరిచేది. స్వీయకరుణ ఆత్మజాలి కాదని ఆధునిక పరిశోధకులు పదేపదే చెప్పవలసి రావడం వెనుక ఉన్నది ఈ తేడాయే.

మాపని ప్రాథమిక పరీక్ష ఫలితాలు ప్రోత్సాహకరంగా ఉన్నాయి. 391 మంది అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థుల సమాధానాలతో జరిపిన తొలి అధ్యయనం మాపనికి అధిక అంతర్గత సంగతిని చూపింది. మొత్తం స్కోరు కుంగుబాటుతోనూ, ఆందోళనతోనూ ఋణ సహసంబంధం కలిగి ఉంది. బౌద్ధ సాధకుల సగటు విద్యార్థుల సగటు కంటే ఎక్కువగా ఉండడం మాపని సప్రమాణతకు మరొక ఆధారమైంది.

4. వ్యాప్తి: బలమైన సహసంబంధాలు

తరువాతి దశాబ్దంలో ఈ మాపని అనేక భాషలలోకి వెళ్లింది. మార్క్ లియరీ బృందం 2007లో ప్రచురించిన అధ్యయన పరంపరలో ఒకటి ప్రయోగం. తమ జీవితంలోని ఒక చేదు సంఘటన గురించి స్వీయకరుణతో రాయవలసిందిగా కొందరిని కోరారు. అలా రాసినవారు ప్రతికూల భావావేశాలు తగ్గినా, ఆ సంఘటనలో తమ బాధ్యతను తోసిపుచ్చలేదు. స్వీయకరుణ బాధ్యత నుంచి తప్పించుకునే మార్గమన్న ఆక్షేపణకు ఇది సమాధానమైంది. 2009లో నెఫ్, రూస్ వాంక్ 2,187 మందిపై జరిపిన అధ్యయనంలో ఆత్మగౌరవానికి ఆత్మమోహంతో సంబంధం కనిపించింది, స్వీయకరుణకు కనిపించలేదు. 2011లో ఫిలిప్ రేస్, ఆయన సహరచయితలు 12 అంశాల సంక్షిప్త రూపాన్ని తయారుచేశారు. దీనితో పెద్ద సర్వేలలో మాపని వాడకం సులువైంది.

2012లో గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన ఆంగస్ మెక్‌బెత్, ఆండ్రూ గమ్లీ అప్పటివరకు వచ్చిన 14 అధ్యయనాలలోని 20 నమూనాలను కలిపి మెటా విశ్లేషణ చేశారు. స్వీయకరుణకూ, కుంగుబాటు, ఆందోళన, ఒత్తిడి వంటి లక్షణాలకూ మధ్య సహసంబంధం -0.54గా తేలింది. మనోవిజ్ఞానంలో ఇది చెప్పుకోదగ్గ పరిమాణం. మానసిక ఆరోగ్యంలో స్వీయకరుణ పాత్రను గురించి రాసేవారు తరచుగా ఉటంకించే అంకెగా ఇది నిలిచింది. ఆ అంకె మొత్తం స్కోరు నుంచి వచ్చినదన్న విషయం మాత్రం అంత తరచుగా ప్రస్తావనకు రాలేదు.

5. మొత్తం స్కోరుపై వివాదం

2015లో నెదర్లాండ్స్‌లో ఆంజెలికా లోపెజ్ బృందం 1,736 మంది సమాధానాలను కారక విశ్లేషణకు గురిచేసింది. ఆరు ఉపమాపనులకు బదులు రెండు కారకాలు బయటపడ్డాయి. అనుకూల అంశాలన్నీ ఒకవైపు, ప్రతికూల అంశాలన్నీ మరొకవైపు చేరాయి. మొదటిదాన్ని స్వీయకరుణ అనీ, రెండోదాన్ని ఆత్మవిమర్శ అనీ పిలవాలని, మొత్తం స్కోరు వాడకాన్ని పునరాలోచించాలని ఆ బృందం సూచించింది.

పీటర్ మ్యూరిస్, నికోలా పెట్రోకీ 2017లో 18 అధ్యయనాల మెటా విశ్లేషణతో ఈ విమర్శను మానసిక ఆరోగ్య రంగానికి విస్తరించారు. మనోరోగ లక్షణాలతో ప్రతికూల ఉపమాపనులకు ఉన్న సంబంధం, అనుకూల ఉపమాపనులకు ఉన్న సంబంధం కంటే గణనీయంగా బలమైనదని వారు చూపారు. దీని పర్యవసానం తీవ్రమైనది. తనను తాను నిందించుకోవడం, తాను ఒంటరినని భావించడం, బాధనే నెమరువేయడం కుంగుబాటులో సాధారణంగా కనిపించే లక్షణాలు. వాటిని అడిగే అంశాలు కుంగుబాటు ప్రశ్నావళితో సహసంబంధం చూపడంలో ఆశ్చర్యం లేదు. ఆ మేరకు -0.54 వంటి అంకెలో కొంత భాగం ఒకే విషయాన్ని రెండుసార్లు అడిగినందువల్ల వచ్చినదే అవుతుంది.

నెఫ్ ఈ విమర్శకు సిద్ధాంతపరంగా, గణాంకపరంగా సమాధానమిచ్చింది. స్వీయకరుణ ఒక సమగ్ర వ్యవస్థ అనీ, దయ పెరగడం, నింద తగ్గడం అందులో కలిసి జరుగుతాయనీ, ఒకదాన్ని తొలగిస్తే మిగిలేది సంపూర్ణ భావన కాదనీ ఆమె వాదన. 2019లో ఆమె, వివిధ దేశాల సహపరిశోధకులు 20 నమూనాలకు చెందిన 11,685 మంది సమాధానాలను విశ్లేషించారు. ఒక సాధారణ కారకాన్నీ ఆరు విశిష్ట కారకాలనూ ఏకకాలంలో అంచనా వేసే నమూనా దత్తాంశానికి బాగా సరిపోయింది. అందువల్ల మొత్తం స్కోరును గానీ ఆరు ఉపమాపనుల స్కోర్లను గానీ వాడవచ్చనీ, అనుకూల, ప్రతికూల భాగాలకు రెండు వేర్వేరు స్కోర్లు ఇవ్వడానికి ఆధారం లేదనీ వారు నిర్ధారించారు. 2020లో మ్యూరిస్, హెన్రీ ఓట్గార్ పదిహేనేళ్లకు పైబడిన పరిశోధనను సమీక్షిస్తూ తమ అభ్యంతరాలను పునరుద్ఘాటించారు. నెఫ్ మళ్లీ బదులిచ్చింది.

రెండు పక్షాలూ కారక విశ్లేషణనే ఆశ్రయించినా భిన్న నిర్ణయాలకు వచ్చాయి. ఒక నమూనా దత్తాంశానికి సరిపోవడం అంటే సమాధానాల మధ్య సంబంధాల స్వరూపాన్ని అది వివరించగలిగిందని మాత్రమే అర్థం. ఆ సమాధానాలలో వ్యాధి లక్షణం ఎంత, వ్యాధి నుంచి కాపాడే గుణం ఎంత అన్నది దానివల్ల తేలదు. సాధారణ కారకం ఉందని ఒప్పుకున్నా, కుంగుబాటు లక్షణాలతో కొన్ని అంశాలకున్న అతివ్యాప్తి తొలగిపోదు. ఈ విషయంలో మ్యూరిస్ ప్రశ్నకు నెఫ్ గణాంకాలు సూటిగా జవాబు చెప్పలేదు. అదే సమయంలో, ప్రతికూల భాగాన్ని తీసివేసినా అనుకూల భాగానికి మనోరోగ లక్షణాలతో కొంత ఋణ సంబంధం మిగిలే ఉందని మ్యూరిస్, పెట్రోకీ ఫలితాలే చూపుతున్నాయి. అంటే సంబంధం బలహీనపడుతుంది కానీ మాయం కాదు.

6. వేరు దారులలో సాగిన మాపనం

రెండింటినీ కలపకుండా కొలిచే సంప్రదాయం మొదటినుంచీ ఉంది. బ్రిటన్‌లోని డర్బీలో పాల్ గిల్బర్ట్ బృందం 2004లో, అంటే నెఫ్ మాపని వచ్చిన మరుసటి ఏడాదే, 22 అంశాల మాపనిని ప్రచురించింది. తాను చాలనన్న భావన, తనపై ద్వేషం, తనకు తాను ఇచ్చుకునే ధైర్యం అనే మూడింటిని అది విడివిడిగా కొలుస్తుంది. గిల్బర్ట్ సిద్ధాంతంలో ముప్పును పసిగట్టే వ్యవస్థ వేరు, మనసును శాంతింపజేసే వ్యవస్థ వేరు. మొదటిది సద్దుమణిగినంత మాత్రాన రెండోది మేల్కొన్నట్టు కాదు. తీవ్రమైన ఆత్మనిందకు అలవాటుపడిన కొందరికి కరుణ భయం కలిగిస్తుందన్న చికిత్సానుభవం ఈ విభజనకు బలమిచ్చింది.

2020లో ససెక్స్, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మరొక దారి ఎంచుకున్నారు. బాధను గుర్తించడం, అది అందరికీ సహజమని గ్రహించడం, దానికి చలించడం, దానివల్ల కలిగే అసౌకర్యాన్ని సహించడం, దాన్ని తగ్గించడానికి పూనుకోవడం అనే ఐదు అంగాలను వారి 20 అంశాల మాపని అడుగుతుంది. అందులో ఆత్మనిందను అడిగే అంశాలు లేవు. కరుణ ఉనికిని మాత్రమే కొలిచి, దానికి మానసిక ఆరోగ్యంతో ఎంత సంబంధముందో చూడాలనుకునేవారికి ఇది అనువైన సాధనం.

7. సహసంబంధం నుంచి కారణత్వానికి

ఒకేసారి సేకరించిన సమాధానాల సహసంబంధం కారణాన్ని నిరూపించదు. అందువల్ల కాలక్రమ అధ్యయనాలు, శిక్షణ ప్రయోగాలు ముఖ్యమైనవి. టోబియాస్ క్రీగర్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం కుంగుబాటుకు చికిత్స పొందినవారిని తరువాత కొంతకాలం అనుసరించింది. స్వీయకరుణ లోపం తదుపరి కుంగుబాటును సూచించింది కానీ, కుంగుబాటు తదుపరి స్వీయకరుణ లోపాన్ని సూచించలేదు. మొత్తం స్కోరు కేవలం వ్యాధి నీడ మాత్రమే కాదనడానికి ఇది చెప్పుకోదగ్గ సాక్ష్యం.

శిక్షణ విషయంలో, నెఫ్, క్రిస్టఫర్ జెర్మర్ రూపొందించిన 8 వారాల కార్యక్రమంపై తొలి యాదృచ్ఛిక నియంత్రిత పరీక్ష 2013లో వెలువడింది. 2019లో మాడలిన్ ఫెరారీ బృందం 27 యాదృచ్ఛిక పరీక్షలను కలిపి చూసి, అనేక మానసిక ఫలితాలలో మెరుగుదలను గుర్తించింది. అదే ఏడాది అలెగ్జాండర్ విల్సన్, సహరచయితలు 22 పరీక్షలను విశ్లేషించారు. మరొక చికిత్స పొందిన బృందంతో పోల్చిన పరీక్షలను మాత్రమే తీసుకున్నప్పుడు, స్వీయకరుణ చికిత్సలు అంతకంటే మెరుగైన ఫలితాలు ఇవ్వలేదని వారు కనుగొన్నారు. శిక్షణ మేలు చేస్తుందన్నది ఈ రెండింటి నుంచీ గ్రహించవచ్చు. ఆ మేలు స్వీయకరుణ అనే ప్రత్యేక మార్గం ద్వారానే వస్తోందా అన్నది మాత్రం తేలలేదు.

8. అనువాదంలో మాపని: తెలుగు సందర్భం

భాష, సంస్కృతి మారినప్పుడు స్కోరు అర్థం మారుతుందా అన్నది మరొక ప్రశ్న. నెఫ్, ఇతరులు 2008లో అమెరికా, థాయిలాండ్, తైవాన్ విద్యార్థులను పోల్చారు. థాయిలాండ్ సగటు అత్యధికం, తైవాన్ సగటు అత్యల్పం. తూర్పు, పడమర అన్న స్థూల విభజన ఇక్కడ నిలవలేదు. బౌద్ధ జీవన విధానం, కన్‌ఫ్యూషియన్ సంప్రదాయంలో ఆత్మపరిశీలనకున్న స్థానం ఈ తేడాకు కారణాలు కావచ్చని పరిశోధకులు భావించారు.

తెలుగులో ఈ సమస్య పదాల స్థాయిలోనే మొదలవుతుంది. మాపనిలోని ప్రతికూల ధ్రువాన్ని 'ఆత్మవిమర్శ' అని అనువదిస్తే దాని విలువ తలకిందులవుతుంది. తెలుగు సామాజిక, రాజకీయ వ్యవహారంలో ఆత్మవిమర్శ ఒక సుగుణం. లోపాలను ఒప్పుకుని సరిదిద్దుకునే నిజాయితీకి పేరు. ఉద్దేశించిన అర్థానికి 'ఆత్మనింద' దగ్గరగా ఉంటుంది. అలాగే 'ఏకాంతం' కోరదగినది, 'ఒంటరితనం' బాధించేది. 'స్మృతి' అన్న బౌద్ధ పారిభాషిక పదం నేటి పాఠకునికి జ్ఞాపకాన్నో ధర్మశాస్త్రాన్నో స్ఫురింపజేస్తుంది. 'ఎరుక' ఆ అపార్థానికి తావివ్వదు. తనపై తాను 'జాలి' పడటం అంటే బుద్ధఘోషుడు హెచ్చరించిన సమీపశత్రువే అవుతుంది.

మానవ సామాన్య భావన తెలుగు నుడికారానికి కొత్త కాదు. కష్టాలు మనుషులకు కాక మానులకు వస్తాయా అన్న నానుడి ఆ భావాన్నే చెబుతుంది. అయితే అదే మాట సందర్భాన్ని బట్టి ఓదార్పు కావచ్చు, బాధను తేలిక చేసి నోరు మూయించేదీ కావచ్చు. ఇటువంటి అంశాలకు వచ్చిన అధిక స్కోరు కరుణను సూచిస్తుందా, సర్దుకుపోవడాన్ని సూచిస్తుందా అన్నది తిరుగు అనువాదంతో మాత్రమే తేలదు. సమాధానమిచ్చేవారు ఆ వాక్యాన్ని ఎలా అర్థం చేసుకున్నారో మౌఖికంగా అడిగి తెలుసుకోవాలి. ఆ తరువాతే కారక విశ్లేషణకు అర్థం ఉంటుంది.

9. ముగింపు

ఆత్మగౌరవ ఉద్యమం స్వల్ప సహసంబంధాలపై పెద్ద ఆశలు నిర్మించింది. దానికి ప్రత్యామ్నాయంగా వచ్చిన స్వీయకరుణ పరిశోధనకు పెద్ద సహసంబంధాలే లభించాయి. ఆ పెద్దతనంలో కొంత భాగం మాపని నిర్మాణం నుంచే వచ్చిందన్నది గత దశాబ్ద చర్చ నేర్పిన పాఠం. అయినా ఈ భావన విలువ తగ్గిపోలేదు. అనుకూల అంశాలకు మిగిలిన సంబంధం, కాలక్రమ సాక్ష్యం, శిక్షణ ఫలితాలు దానికి అండగా ఉన్నాయి.

ఈ పరిశీలన నుంచి పరిశోధకులకు మూడు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, మొత్తం స్కోరుతో పాటు ఆరు ఉపమాపనుల స్కోర్లనూ, మానసిక ఆరోగ్యంతో వాటి సంబంధాలనూ విడిగా ప్రకటించడం. రెండోది, కుంగుబాటు ప్రశ్నావళితో అతివ్యాప్తి ఉన్న అంశాలను తొలగించినప్పుడు ఫలితం నిలుస్తుందా అని పరీక్షించడం. మూడోది, తెలుగులో మాపనిని వాడేముందు పదాల విలువను క్షేత్రంలో సరిచూడడం. ఒక విద్యార్థి స్కోరు తక్కువగా ఉందని తెలిసినప్పుడు, అతనిలో దయ కొరవడిందో, నింద మితిమీరిందో చెప్పలేని కొలత అతనికి సాయపడే దారినీ చూపలేదు.